రోజుకు ఐదు గంటలు ఎవరిస్తారు?

ఆంధ్రప్రదేశ్‌లో నూరు కాన్పులు జరిగితే అందులో 96కు పైగా ఆస్పత్రిలోనే జరుగుతున్నాయి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత (2019-21) చెప్పిన లెక్క 96.5 శాతం. మంత్రసాని చేతి మీద ఇంట్లో పురుడు పోసుకునే కాలం కృష్ణా డెల్టాలో దాదాపు ముగిసిపోయింది. అదే సర్వే ఇంకో ప్రశ్న కూడా అడిగింది: బిడ్డ పుట్టిన గంటలోపు తల్లిపాలు పట్టారా? అవునన్న జవాబు 52 శాతం పిల్లల విషయంలోనే వచ్చింది.

ఈ రెండు అంకెల మధ్య ఉన్న ఖాళీని చూసి నేను చాలాసేపు ఆగిపోయాను. పక్కనే డాక్టరు ఉంది, నర్సు ఉంది, గోడ మీద తల్లిపాల పోస్టరు ఉంది. అయినా సగానికి సగం మంది పిల్లలకు ఆ మొదటి గంట జారిపోతోంది. ఏటా ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలు వస్తాయి. ర్యాలీలు తీస్తారు, తల్లులకు అవగాహన కావాలని వేదికల మీద చెబుతారు. అవగాహన అక్కర్లేదని నేను అనను. కానీ అంకెలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే చంటిబిడ్డ ఏం తాగుతుంది, ఏం తింటుంది అన్నది తల్లికి తెలిసినదాన్ని బట్టి తేలుతున్నట్టు కనిపించదు. ఆపరేషన్ గదిలో పద్ధతి ఎలా ఉంది, కూలికి మళ్లీ ఎప్పుడు వెళ్లాలి, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది అన్నవాటిని బట్టే చాలావరకు తేలిపోతోంది.

లెక్కల గురించి ముందే ఒక మాట. సర్వే బృందాలు మన రాష్ట్రంలో 2019 జులై నుంచి నవంబరు దాకా తిరిగి 10,975 మంది మహిళలతో మాట్లాడాయి. అప్పటికి కృష్ణా ఒకే జిల్లా. 2022 ఏప్రిల్ 4న విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా, మచిలీపట్నం కేంద్రంగా కృష్ణా జిల్లా ఏర్పడ్డాయి. కైకలూరు వైపు ప్రాంతం ఏలూరు జిల్లాలో కలిసింది. నదికి ఆవలి ఒడ్డున తెనాలి, రేపల్లెలదీ ఇదే డెల్టా, కానీ జిల్లాలు వేరు. అందుకని ఇక్కడ రాష్ట్రం మొత్తం లెక్కనే కొలతగా పెట్టుకున్నాను.

ఆపరేషన్ గది దగ్గర

విజయవాడ సూర్యారావుపేటలో నడిస్తే ఒక నర్సింగ్ హోం బోర్డు దాటేలోపే ఇంకోటి కనిపిస్తుంది. మచిలీపట్నం నుంచి, నూజివీడు నుంచి, అటు తెనాలి నుంచి కూడా పురిటికి ఇక్కడికే వస్తారు. రాష్ట్రంలో కాన్పుల్లో సగం ప్రభుత్వ ఆస్పత్రుల్లో, సగానికి కాస్త తక్కువ ప్రైవేటు ఆస్పత్రుల్లో జరుగుతున్నాయి. మొత్తమ్మీద సిజేరియన్లు 42.4 శాతం. ప్రభుత్వ ఆస్పత్రుల్లో 26.6, ప్రైవేటులో 63. దేశం సగటు 21.5 శాతం అంటే మనది దానికి దాదాపు రెట్టింపు. ముహూర్తం చూసి కోత పెట్టించుకునే అలవాటు కూడా మన దగ్గర గట్టిగా పాతుకుంది. పంతులుగారు రాసిచ్చిన చీటీని బట్టి థియేటరు వేళ నిర్ణయమైన కాన్పులు ఈ ప్రాంతంలో ఎవరికీ కొత్త కాదు.

కోత కాన్పులో పాలు ఆలస్యమవడం సహజమేనని అందరూ అనుకుంటారు. తల్లికి కుట్లు వేస్తుంటారు, బిడ్డను తుడిచి, తూకం వేసి, వెచ్చగా ఉంచే మంచం మీద పెట్టి, బయట ఉన్నవాళ్లకు చూపిస్తారు. తల్లిని గదికి తెచ్చేసరికి గంట దాటుతుంది. ఈలోపు బిడ్డ ఏడుస్తుంది. ఎవరో ఒకరు డబ్బాపాలు కలుపుతారు, లేదా పెద్దావిడ తేనె నాకిస్తుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదమని, అందులో ఉండే ఒక రకం బ్యాక్టీరియా పసిపేగుల్లో విషం తయారుచేయగలదని తెలిసినవాళ్లు తక్కువ. కడుపు నిండిన బిడ్డ తల్లి దగ్గర పడుకోబెట్టినా చప్పరించదు. చప్పరించకపోతే పాలు ఊరడం ఆలస్యం. రెండో రోజుకల్లా ‘పాలు పడలేదు’ అన్న మాట పుడుతుంది. ఆ మాట ఒకసారి పుట్టాక ఇల్లంతా నమ్ముతుంది, తల్లితో సహా.

అయితే కోత ఉంటే గంటలోపు పాలు అసాధ్యమా? ఇతర దక్షిణాది రాష్ట్రాల అంకెలు అలా చెప్పడం లేదు. తెలంగాణలో సిజేరియన్లు 60.7 శాతం, గంటలోపు పాలు 37.1 శాతం. ఇది చూస్తే కోతదే తప్పు అనిపిస్తుంది. కానీ తమిళనాడులో సిజేరియన్లు 44.9 శాతం, మనకంటే ఎక్కువే. అక్కడ గంటలోపు పాలు 60 శాతానికి చేరాయి. కేరళలో సిజేరియన్లు 38.9, గంటలోపు పాలు 66.7. మన రాష్ట్రంలోనే 2015-16లో 40 శాతంగా ఉన్న తొలిగంట పాలు నాలుగేళ్లలో 52కు వచ్చాయి. అదే కాలంలో సిజేరియన్లు 40.1 నుంచి 42.4కు పెరిగాయి. అంటే రెండూ కలిసే పెరిగాయి.

వెన్నులో మత్తు ఇచ్చిన తల్లి మెలకువగానే ఉంటుంది. కుట్లు వేస్తుండగానే బిడ్డను ఆమె రొమ్ము మీద పడుకోబెట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 1989లో రూపొందించి 2018లో సవరించిన పది సూత్రాలు ఇలా తల్లీబిడ్డలను కలిపి ఉంచడం చుట్టూనే తిరుగుతాయి. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు. బిడ్డను పట్టుకుని తల్లి తల పక్కన నిలబడే ఒక మనిషి కావాలి. ఆ ఒక్క మనిషిని పెట్టే ఆస్పత్రి ఏది, పెట్టని ఆస్పత్రి ఏది అన్న వివరం పురిటికి చేరబోయే కుటుంబానికి తెలిసే దారి ఈరోజు లేదు. సిజేరియన్ల శాతంతో పాటు తొలిగంట పాల శాతాన్ని కూడా ప్రతి ఆస్పత్రీ గుమ్మం దగ్గర రాసిపెట్టాలని నేను కోరుకుంటాను.

68 అన్న అంకెలో దాగినది

ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేమీ, చుక్క నీరు కూడా, పెట్టకూడదన్నది వైద్యుల మాట. ఈ లెక్కలో మన రాష్ట్రం 68 శాతం, దేశం 63.7 శాతం. పత్రికల్లో ఈ అంకెను ‘68 శాతం తల్లులు ఆరు నెలలూ తల్లిపాలే ఇస్తున్నారు’ అని రాస్తుంటారు. అది సరైన చదువు కాదు.

సర్వేలో అడిగేది నిన్నటి సంగతి. ఆరు నెలల లోపు పిల్లలందరినీ తీసుకుని, నిన్న పగలూ రాత్రీ బిడ్డకు ఏం పట్టారని అడుగుతారు. అందులో పది రోజుల బిడ్డ ఉంటుంది, ఐదున్నర నెలల బిడ్డా ఉంటుంది. పది రోజుల బిడ్డకు తల్లిపాలే ఇచ్చారంటే ఆ లెక్కలో చేరుతుంది. ఆ బిడ్డకు నాలుగో నెలలో ఏం పడతారో ఎవరికీ తెలియదు. కాబట్టి 68 అన్నది మొదటి వారాల ఎక్కువనూ చివరి వారాల తక్కువనూ కలిపిన సగటు. ఆరు నెలలూ నిజంగా తల్లిపాలతోనే గడిపిన పిల్లల వాటా దీనికంటే తక్కువే ఉంటుంది. 2015-16లో ఈ అంకె 70.2. అంటే ఆస్పత్రి కాన్పులు పెరిగినా, తొలిగంట పాలు పెరిగినా, ఆ తర్వాతి నెలల్లో మాత్రం మనం ముందుకు కదల్లేదు.

ఈ వరుసను ముందుగా తెంచేది పాలడబ్బా అనుకుంటాం. మన ఎండల్లో నీళ్లే ముందు తెంచుతాయి. రోహిణి కార్తెలో విజయవాడ బ్లేజ్‌వాడ అవుతుంది. 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం పెదాలు ఎండిన చంటిపిల్లను చూసి చెంచాడు కాచి చల్లార్చిన నీళ్లు పట్టని నాయనమ్మ ఎవరు? ఆ చెయ్యి వెనక ఉన్నది ప్రేమే. కానీ తల్లిపాలలో 88 శాతం దాకా నీరే. రోజుకు 750 మిల్లీలీటర్లు తాగే బిడ్డకు అందులోనే 660 మిల్లీలీటర్ల నీరు అందుతుంది. దాహమైతే బిడ్డ ఇంకోసారి రొమ్ము పడుతుంది, అంతే. చెంచాడు నీళ్లతో నిండిన చిన్న పొట్ట ఆ మేరకు పాలు తక్కువ తాగుతుంది. నీళ్లు శుభ్రంగా లేకపోతే విరేచనాలు తోడవుతాయి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు వైపు కాలువ చివరి ఊళ్లలో భూగర్భ జలం ఉప్పు. చెరువు నీటి మీద ఆధారపడే ఇళ్లు అక్కడ చాలా ఉన్నాయి. ఆ ఊళ్లలో తల్లిపాలను మించిన శుద్ధమైన నీరు పసిబిడ్డకు ఇంకెక్కడిది?

ఐదు గంటల లెక్క

ఒక మామూలు కూడిక చేద్దాం. పుట్టిన మొదటి నెలల్లో బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు పాలు తాగుతుంది. పది సార్లు అనుకుందాం. ఒక్కోసారి పాలు పట్టి, త్రేన్పు తీయించి, పడుకోబెట్టేసరికి అరగంట. పది అరగంటలు ఐదు గంటలు. వారానికి 35 గంటలు. చాలా ఆఫీసుల్లో ఉద్యోగి వారానికి పనిచేసే సమయానికి ఇది కొంచెం తక్కువ, అంతే. జీతం లేని, సెలవు లేని, రాత్రి కూడా సాగే పని. తల్లి కూర్చుని పాలిస్తుంటే ‘ఖాళీగా కూర్చుంది’ అనే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. నాకు కోపం తెప్పించే మాట అది.

ఈ ఐదు గంటలు తల్లికి ఎవరిస్తారు? చట్టం కొందరికి ఇస్తుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి జీతంతో కూడిన సెలవును 26 వారాలు చేశారు. 26 వారాలంటే 182 రోజులు, ఆరు నెలలకు సరిపోతుంది. కానీ అందులో ఎనిమిది వారాల దాకా కాన్పుకు ముందే వాడుకోవచ్చు. కాళ్ల వాపులతో, రక్తపోటుతో ఆ ఎనిమిది వారాలూ ముందే అయిపోయిన తల్లికి కాన్పు తర్వాత మిగిలేది 18 వారాలు, నాలుగు నెలల పైచిలుకు. తల్లిపాలు మాత్రమే అన్న ఆరు నెలల గడువు అక్కడే విరిగిపోతుంది. తిరిగి పనిలో చేరిన తల్లికి బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా రోజూ పాలివ్వడానికి రెండు విరామాలు ఇవ్వాలని చట్టం చెబుతుంది. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలి, తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు.

బీసెంట్ రోడ్డులోనో వస్త్రలతలోనో బట్టల దుకాణంలో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడి చీరలు విప్పి చూపించే అమ్మాయికి ఇందులో ఏది వర్తిస్తుంది? దుకాణంలో పదిమంది ఉంటే చట్టం వర్తిస్తుంది, కానీ 50 మంది లేరు కనుక గది ఉండదు. తొమ్మిది మందే ఉంటే అసలు ఏదీ లేదు. బిడ్డ సింగ్‌నగర్‌లోనో పాయకాపురంలోనో అమ్మమ్మ దగ్గర ఉంటే, ఉన్న రెండు విరామాలు ఆటోలో వెళ్లి రావడానికే చాలవు. పాలు పిండి పెట్టి వెళ్లమని సలహా చెబుతారు. పిండిన పాలు మామూలు గదిలో నాలుగు గంటలు నిలవ ఉంటాయన్న లెక్క 25 డిగ్రీల గదికి వేసింది. ఫ్రిజ్ లేని రేకుల ఇంట్లో ఏప్రిల్ నెలలో ఆ లెక్క పనికిరాదు.

డెల్టా పల్లెల్లో పరిస్థితి ఇంకా కఠినం. కాలువలకు నీళ్లు వదిలితే జులై, ఆగస్టుల్లో నాట్లు. తర్వాత కలుపు. శీతాకాలంలో కోతలు, ఆ వెనకే మినుము. నాట్లకు ముఠా కట్టి ఎకరాకు ఇంతని ఒప్పుకుంటారు. ముఠాలో ఒక మనిషి తగ్గితే మిగతావాళ్ల మీద భారం పడుతుంది, కాబట్టి బాలింత ఎప్పుడొస్తుందా అని అందరూ చూస్తుంటారు. తెల్లవారుజామున ఆటో ఎక్కిన తల్లి మధ్యాహ్నం దాటాక ఇంటికొస్తుంది. ఆమెకు ప్రభుత్వం ఇచ్చేది ప్రధానమంత్రి మాతృవందన యోజన కింద మొదటి బిడ్డకు 5,000 రూపాయలు. ఉపాధి హామీలో మన రాష్ట్రంలో 2025-26 కూలి రోజుకు 307. అంటే ఆ 5,000 రూపాయలు 16 రోజుల కూలికి సమానం. 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణికి, బాలింతకు ఆరు వేలకు తగ్గకుండా ఇస్తామంది. ఆరు వేలే ఇచ్చినా 20 రోజులు. ఉద్యోగినికి 182 రోజులు, కూలి తల్లికి 16 రోజులు. ఇద్దరికీ మనం చెప్పే పాఠం మాత్రం ఒకటే: ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వండి.

డబ్బా ఖరీదు

పనికి వెళ్లిన తల్లి ఇంట్లో డబ్బాపాలు మొదలవుతాయి. నాలుగు నెలల బిడ్డ రోజుకు ఐదు సార్లు, ఒక్కోసారి 180 మిల్లీలీటర్లు తాగుతుందనుకుంటే మొత్తం 900 మిల్లీలీటర్లు. ముప్పై మిల్లీలీటర్లకు ఒక కొలత చెంచా చొప్పున 30 చెంచాలు, సుమారు 130 గ్రాముల పొడి. 400 గ్రాముల డబ్బా మూడు రోజులకు అయిపోతుంది. నెలకు పది డబ్బాలు. డబ్బా 400 రూపాయలని తక్కువలోనే వేసుకున్నా నెలకు 4,000. ఉపాధి కూలి లెక్కన 13 రోజుల సంపాదన.

ఏ కూలి ఇంట్లోనూ నెలకు పది డబ్బాలు కొనరు, కొనలేరు. అప్పుడు జరిగేది పలచన చేయడం. మూడు రోజుల డబ్బాను వారం లాగితే బిడ్డకు అందాల్సిన శక్తిలో సగం కూడా అందదు. బిడ్డ పొట్ట మాత్రం నీళ్లతో నిండుతుంది కనుక ఏడవదు, నిద్రపోతుంది. తూకం వేసేదాకా తేడా కనిపించదు. లేదంటే గేదెపాలలో నీళ్లు కలిపి పడతారు. పాడి ఉన్న డెల్టా ఇళ్లలో ఇది పాత అలవాటు. గేదెపాలలో ఇనుము దాదాపు లేనట్టే. అది తర్వాతి ఏడాదిలో రక్తహీనతగా బయటపడుతుంది.

డబ్బా ఇంట్లోకి వచ్చే దారి గురించి కూడా చెప్పాలి. 1981 మేలో ప్రపంచ ఆరోగ్య సభలో పాలడబ్బాల వ్యాపార ప్రచారాన్ని కట్టడి చేసే నియమావళిని 118 దేశాలు ఆమోదించాయి. వ్యతిరేకంగా ఓటేసింది ఒక్క అమెరికానే. మన దేశం 1992లో దానికి చట్టరూపం ఇచ్చి 2003లో ఇంకా బిగించింది. రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి ప్రకటన ఇవ్వకూడదు. డబ్బా మీద తల్లి బొమ్మ, బిడ్డ బొమ్మ వేయకూడదు. ఉచిత నమూనాలు పంచకూడదు. ఆస్పత్రి సిబ్బందికి కానుకలు ఇవ్వకూడదు. ఉల్లంఘిస్తే మూడేళ్ల దాకా జైలు. ప్రపంచంలో గట్టి చట్టాల్లో ఇదొకటి. అయితే డిశ్చార్జి కాగితంలో ‘అవసరమైతే’ అంటూ ఒక డబ్బా పేరు రాసిన చీటీని ఈ చట్టం పట్టుకోవడం కష్టం. కుటుంబం ఆ చీటీని మందుల చీటీలాగే చదువుతుంది. డాక్టరు రాశాడంటే బిడ్డకు అది కావాలనే అర్థం.

డబ్బా మీద ఆధారపడితే ఎంత ప్రమాదమో వరద వేళ తెలుస్తుంది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలోని సింగ్‌నగర్‌ను, రాజరాజేశ్వరిపేటను ముంచెత్తింది. మర్నాటికి ప్రకాశం బ్యారేజి నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. బ్యారేజి చరిత్రలో అదే పెద్ద ప్రవాహం. మేడల మీద చిక్కుకున్నవాళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు, పొయ్యి వెలగలేదు. పడవల్లో, హెలికాప్టర్లలో, డ్రోన్లతో కూడా ఆహారం, నీళ్ల సీసాలు పంపారు. పాల ప్యాకెట్లూ అందులో ఉన్నాయి. పాలపొడి కలపాలంటే నీరు కాచి, 70 డిగ్రీల వేడికి తగ్గకముందే కలపాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. చీకటి మేడ మీద, బురదనీటి మధ్య అది జరిగే పని కాదు. అలాంటి రోజుల్లో తల్లిపాలు తాగే బిడ్డకూ డబ్బాపాలు తాగే బిడ్డకూ మధ్య తేడా ప్రాణం దాకా వస్తుంది. వరద సహాయంలో తల్లికి తిండి, మంచినీళ్లు, చాటుగా కూర్చునే చోటు ఇవ్వడమే బిడ్డకు పాలు పంపడంతో సమానం. తల్లిపాల మీద 2016లో లాన్సెట్ పత్రిక అచ్చేసిన లెక్క ప్రకారం తల్లిపాలు అందరికీ అందితే ప్రపంచంలో ఏటా 8,23,000 మంది పిల్లల మరణాలు ఆపవచ్చు.

ఎవరి మాట

మొదటి కాన్పు పుట్టింట్లో అన్నది మన ఆచారం. మూడో నెలలోనో ఐదో నెలలోనో సారెతో అత్తింటికి పంపుతారు. బిడ్డ తిండి విషయంలో అప్పటిదాకా మాట అమ్మమ్మది, ఆ తర్వాత నాయనమ్మది. రాష్ట్రంలో 20-24 ఏళ్ల ఆడపిల్లల్లో 29.3 శాతానికి 18 నిండకముందే పెళ్లయింది. 15-19 ఏళ్ల వాళ్లలో 12.6 శాతం అప్పటికే తల్లులు, లేదా గర్భిణులు. పద్దెనిమిదేళ్ల పిల్లకు బిడ్డ తిండి మీద నిర్ణయం ఎవరూ వదిలిపెట్టరు. ఆమెకు అవగాహన తరగతి పెట్టి పంపితే ఇంటికెళ్లి ఎవరికి చెప్పగలదు?

దీన్ని కొలిచిన పరిశోధన తెలుగు నేల మీదే జరిగింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం వాళ్లతో కలిసి, అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని నల్గొండ జిల్లాలో 60 గ్రామాల్లో 600 మంది తల్లీబిడ్డలను చూశారు. చేతిలో సొంత డబ్బు, దాన్ని ఖర్చుపెట్టే స్వేచ్ఛ ఉన్న తల్లులు మూడు నుంచి ఐదు నెలల బిడ్డకు తల్లిపాలు ఇస్తుండే అవకాశం ఎక్కువగా కనిపించింది. ఇంటి నిర్ణయాల్లో మాట చెల్లే తల్లుల బిడ్డల్లో బరువు తక్కువవాళ్లు, చిక్కిపోయినవాళ్లు తక్కువ. అంతకుముందు 1998-99 సర్వేలోని ఆంధ్రప్రదేశ్ తల్లుల లెక్కలు తీసి చూసినప్పుడు, సొంతంగా బజారుకు వెళ్లగల, డబ్బు చేతిలో ఉన్న స్త్రీల పిల్లల్లో పొట్టిగా ఉండిపోవడం తక్కువని తేలింది. బజారుకు వెళ్లే స్వేచ్ఛకూ బిడ్డ ఎత్తుకూ సంబంధం ఉంటుందని మనం ఊహించం. కానీ గుడ్డు కొనాలంటే, బిడ్డకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి వెళ్లాలంటే ఎవరి అనుమతీ అడగక్కర్లేని తల్లి కదా ముందు కదులుతుంది.

బాలింత పళ్లెం కూడా ఆమె చేతిలో లేదు. పాలిచ్చే మొదటి ఆరు నెలల్లో ఆమెకు మామూలు కంటే రోజుకు 600 కేలరీలు అదనంగా కావాలని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. చాలా ఇళ్లలో పురిటి పథ్యం పేరుతో కారప్పొడి అన్నమే వారాల తరబడి. పప్పు వాతం, గుమ్మడి చలవ, వంకాయ పడదు, నీళ్లు ఎక్కువ తాగితే పొట్ట. వెల్లుల్లి, నువ్వులు, నెయ్యి పెట్టే పథ్యాల్లో మంచి ఉంది, దాన్ని నేను తీసిపారేయను. ఆకుకూర, పప్పు, గుడ్డు మానిపించడమే నష్టం. రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. రక్తం చాలని తల్లి ఇరవై నాలుగు గంటలూ పాలిస్తూ, నీరసంగా ఉందంటే, పాలు లేవన్నట్టు మళ్లీ డబ్బా వైపే చూస్తారు.

అన్నప్రాశన తర్వాత

ఆరో నెలలో అన్నప్రాశన చేయడం మన సంప్రదాయానికి ఉన్న గొప్ప తెలివి. పుట్టుకతో వచ్చిన ఇనుము నిల్వ కూడా ఆరో నెల దాటాక తరిగిపోతుంది. ముహూర్తం సరిగ్గానే ఉంది. మర్నాడే ఇబ్బంది మొదలవుతుంది: పండగ రోజు ఒక ముద్ద పరమాన్నం పెట్టి, ‘ఇంకా పళ్లు రాలేదుగా’ అని మళ్లీ పాలతోనే నెట్టుకొస్తారు. దేశంలో 6-23 నెలల పిల్లల్లో సరిపడా, సరైన ఆహారం అందుతున్నది 11.3 శాతానికే. ‘సరైన’ అంటే ఎన్ని సార్లు, ఎన్ని రకాలు అన్న రెండు షరతులూ తీరాలి.

మన డెల్టాలో మొదటిదానికంటే రెండోది పెద్ద చిక్కు. పిల్లకు పెట్టేది మెత్తగా చేసిన తెల్లన్నం, పప్పుకట్టు, నెయ్యి, పెరుగు. పాలిష్ పట్టిన బియ్యం నూరు గ్రాముల్లో ఇనుము 0.65 మిల్లీగ్రాములు. రాగుల్లో 4.6. ఏడాది దాటిన బిడ్డకు రోజుకు కావలసింది 8 మిల్లీగ్రాములు. తెల్లన్నంతో అది తీరాలంటే కిలోకు పైగా బియ్యం తినాలి. 6 నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో రక్తహీనత మన రాష్ట్రంలో 63.2 శాతం, అంతకుముందు సర్వేలో ఇది 58.6. ఐదేళ్లలోపు వాళ్లలో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్లు 31.2 శాతం. ఈ అంకెల పక్కనే ఇంకోటి: 2022-23లో దేశంలో ఉత్పత్తైన 13,838 కోట్ల గుడ్లలో ఐదో వంతు ఆంధ్రప్రదేశ్‌వే, దేశంలో మొదటి స్థానం. కొల్లేరు చెరువుల చేపలు లారీలకెక్కి రాష్ట్రాలు దాటుతాయి. చేప పిల్లకు వేడి చేస్తుందని, గుడ్డు అరగదని ఇంట్లో ఎనిమిది నెలల బిడ్డకు మాత్రం పెట్టరు. ముల్లు తీసి మెదిపిన చేపముక్క, ఉడికించి మెదిపిన గుడ్డు ఆరు నెలలు దాటిన బిడ్డకు పెట్టవచ్చు.

అంగన్‌వాడీ నుంచి వచ్చే బాలామృతం రోజుకు నూరు గ్రాముల చొప్పున 25 రోజులకు 2.5 కిలోల ప్యాకెట్. గోధుమ, శనగపప్పు, పాలపొడి, నూనెతో పాటు అందులో చక్కెర కూడా గణనీయంగానే ఉంది. ఉన్నంతలో మేలు చేసే ప్యాకెట్టే, దాన్ని నిలబెట్టుకోవాలి, చక్కెర తగ్గించాలి. కానీ నాలుగేళ్ల అన్న, పక్కింటి పిల్ల కూడా ఉన్న ఇంట్లో ఆ ప్యాకెట్ 25 రోజులు ఉండదు.

నల్గొండ గ్రామాల్లో ఆ పరిశోధకులు చేసిన రెండో పని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. ఊరి స్త్రీలకే శిక్షణ ఇచ్చి, బిడ్డకు మూడు నెలలప్పటి నుంచి 15 నెలలదాకా ఇంటింటికీ పంపారు. ఏ వయసులో ఏం పెట్టాలి, ఎంత చిక్కగా పెట్టాలి, బిడ్డ మొహం తిప్పితే ఆగి మళ్లీ ఎలా తినిపించాలి అన్నది తల్లితో పాటు ఇంట్లో పెద్దవాళ్ల ముందే చెప్పారు. 2013లో వచ్చిన ఫలితాల్లో ఆ పిల్లల తిండి మెరుగైంది, తిండి సలహా అందిన గుంపులో పొట్టిగా ఉండిపోవడం తగ్గింది. బిడ్డ సైగలు చూసి తినిపించడం, ఆడించడం నేర్పిన గుంపులో తెలివితేటల పరీక్షలో మార్కులు పెరిగాయి. వాళ్లు కొత్త ఆహారమేదీ పంచలేదు.

మనకు అలాంటి మనుషులు ఇప్పటికే ఉన్నారు. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకు, ఆరు సార్లు వెళ్లాలి. ఆరు సార్లకు కలిపి ఆమెకు 250 రూపాయలు. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకు ఐదు సార్లు, ఒక్కోసారికి 50 రూపాయలు. ఈ పట్టికను బిడ్డ తిండి మారే తేదీల పక్కన పెట్టి చూడండి. 42వ రోజుకూ మూడో నెలకూ మధ్య ఏడు వారాల ఖాళీ ఉంది. ‘పాలు చాలడం లేదు’ అన్న మాట ఇళ్లలో పెరిగేది, నాట్ల ముఠా కబురు పంపేది, మొదటి డబ్బా కొనేది చాలాచోట్ల ఆ వారాల్లోనే. పైగా మూడో నెలలో ఆశా వచ్చేసరికి తల్లి పుట్టింటి నుంచి అత్తింటికి మారి ఉండొచ్చు. పెనమలూరులో పేరు రాసుకున్న బిడ్డ పామర్రులో పెరుగుతుంటే ఆమె పుస్తకంలో ఆ గడి ఖాళీగానే ఉండిపోతుంది. ఆ ఏడు వారాల్లో కనీసం రెండు సార్లు, బిడ్డ ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి ఆశా వెళ్లేలా పట్టిక మార్చితే, ఒక్కో బిడ్డకు ఇప్పటి రేటున పెరిగే ఖర్చు నూరు రూపాయలు.